గొర్లకు తెలిసిన సినిమా

సైదమ్మ గొర్లు మామూలు పిలుపుకు రావు. ఊళ్లె ఇంకో ఇరవై మందలున్నయి. ఎవరి గొర్లైనా, కాపరి నాలుక మడిచి "ట్ర్రూ... ట్ర్రూ..." అంటే చాలు, మెడలు లేపి, బుద్ధిగ వచ్చి కాపరి చుట్టు నిలబడతయి. సైదమ్మ గొర్లకు మాత్రం సినిమా పబ్లిసిటీ కావాలె. ఆమె గట్టెక్కి, రెండు చేతులు నోటికి చెరోదిక్కు పెట్టి, "రండి! తరలి రండి! పిల్లలూ పెద్దలూ కదలి రండి! నేడే చూడండి!" అని సాగదీస్తెనే అవి కదులుతయి. అటెన్క పాట గూడ పాడాలె. పాట సగంల ఆపితే అవి గూడ సగం దూరంల ఆగి మొఖం చూస్తయి.

దేవరకొండ నుంచి డిండి పోయే బస్సుల కూసున్నోళ్లు కిటికీల నుంచి చూసి, పాపం ఈమెకు జర తిక్కున్నట్టుంది అనుకుంటరు. తిక్క లేదు, ఏం లేదు. మనిషి మంచి హుషారు మనిషి. డెబ్బై గొర్లను ఒక్క చేత్తోని కాస్తది, బిడ్డను కాలేజీల చదివిస్తది, ఆధార్ కార్డుల తప్పు పడితే మండలాఫీసుల నిలబడి దిద్దించుకోని వస్తది. ఆ పిలుపు వెనుక ఉన్న సంగతి వేరు.

ఇరవై అయిదేండ్ల కింది మాట. సైదమ్మకు అప్పుడు తొమ్మిదేండ్లు. ఎండకాలం సెలవులల్ల దేవరకొండ టాకీసుకు 'గజ్జెల గొర్రెపిల్ల' అని ఒక సినిమా వచ్చింది. దాంట్ల మనుషులు ఉండరు, ఫైటింగులు ఉండయి. అన్ని గీసిన బొమ్మలే. ఆ బొమ్మలే నడుస్తయి, ఆ బొమ్మలే పాటలు పాడుతయి. ఏ దేశం నుంచి వచ్చిందో ఏమో, మాటలు మాత్రం తెలుగుల పెట్టిండ్రు. పెద్ద హీరో సినిమా దొరకక టాకీసు ఓనరు నాలుగు రోజులకని దాన్ని తెచ్చిండంట. బొమ్మల సినిమాకు ఎవడొస్తడు అని ఆయనే భయపడి, చుట్టు పదిహేను ఊర్లకు పబ్లిసిటీ రిక్షా పంపిండు.

ఆ రిక్షా మీద వచ్చేటోడు ఎల్లేశం. రిక్షాకు రెండు దిక్కుల అట్టలు, అట్టల మీద పోస్టర్లు, నెత్తి మీద మైకు గొట్టం, కాళ్ల సందున బ్యాటరీ. ఇంట్ల పెండ్లాంతోని మాట్లాడితే పక్కింటోళ్లకు గూడ వినవడని గొంతు ఆయనది. మైకు చేతికొస్తే అదే గొంతు ఊరు దాటి చేన్లకు పోయేది. గులాబి రంగు కాయిదాలు గాలిల ఎగరేసుకుంట, మనం ఇండ్లల్ల మాట్లాడని తెలుగుల దంచేటోడు.

"రండి! తరలి రండి! పిల్లలూ పెద్దలూ కదలి రండి! బొమ్మలు ఆడే సినిమా, బొమ్మలు పాడే సినిమా! తల్లి నుండి తప్పిపోయిన గొర్రెపిల్ల ఏడు గుట్టలు దాటి ఇల్లు చేరిందా? చేరలేదా? నేడే చూడండి! రోజూ మూడు ఆటలు!"

అది అయినంక పాట.

"గజ్జె గల్లుమన్నదీ, గట్టు తెల్లవారెనూ, ఎవరి బిడ్డవే పిల్లా, ఎంత దూరమొస్తివే, ఇల్లు ఇటే ఉన్నదే, ఇటు రావే, ఇటు రావే..."

చివరి మాటను ఎల్లేశం ఎంత సాగదీసేటోడంటే రిక్షా మలుపు తిరిగి కనబడకుండ పోయినంక గూడ అది వినవడుతనే ఉండేది. ఊళ్లె పిల్లలందరు ఎనుక ఉరికిండ్రు. కాయిదాలు ఏరుకున్నరు. సైదమ్మ గూడ ఉరికింది, కాయిదం ఏరుకున్నది. కానీ ఆమె మనసుల కాయిదం లేదు, పోస్టరు లేదు. చేరిందా, చేరలేదా? అదొక్కటే పట్టుకున్నది. గొర్లోళ్ల ఇంట్ల పుట్టిన పిల్లకు తప్పిపోయిన గొర్రెపిల్ల అంటే ఆట కాదు గద. ఆ రోజు బువ్వ గూడ సరిగ తినలె.

"నాయినా, సినిమాకు పోదాం" అని ఏడ్చింది.

ఆమె నాయిన పేరు పెద్దులు. సైదమ్మ ఆయనకు ఒక్కతే బిడ్డ. తీసుకపోవాలని ఆయనకు లేక కాదు. అప్పుడు మంద ఒక పటేలు చెలకల ఉన్నది. ఎండకాలం వస్తే రైతులు చెలకల మంద పెట్టించుకుంటరు. రాత్రంత గొర్లు ఆ చెలకల పండుకోవాలె, వాటి ఎరువుతోని చెలక బలపడాలె. ఎనిమిది రాత్రులకు మాట ఇచ్చిండు. మాట ఇచ్చినంక మందను ఇడిసి కాపరి కదలడు. సినిమా నడిచేది నాలుగు రోజులు. మొదటి రోజు అట్లనే పోయింది, రెండో రోజు పోయింది.

మూడో రోజు ఎల్లేశం రిక్షా చెలక పక్క తొవ్వ మీదికెళ్లి వస్తాంటే పెద్దులు అడ్డం పోయి ఆపిండు. అంతకు ముందు దినమే ఒక గొర్రె ఈనింది. సత్తు గిన్నె నిండ జున్ను పెట్టుకోని నిలబడ్డడు.

"అన్నా, ఇది తిను. తినుకుంట నా బిడ్డకు ఆ సినిమా మొత్తం చెప్పు" అన్నడు.

ఎల్లేశం జున్ను దిక్కు చూసిండు, పిల్ల దిక్కు చూసిండు. రిక్షా యాపచెట్టు నీడకు తోలిండు. అసలు సంగతి ఏందంటే, ఆ సినిమా ఎల్లేశం గూడ చూడలె. పొద్దంత ఊర్లు తిరిగేటోడు, ఆట ఎప్పుడు చూస్తడు? సినిమా రీళ్ల పెట్టెతోని వచ్చిన కాయిదం చదివి పాట నేర్చుకున్నడు, గంతే. అయినా జున్ను తిన్న మర్యాదకు మైకు లేకుండ, చేతులు తిప్పుకుంట, కండ్లు పెద్దగ చేసుకుంట, పబ్లిసిటీ మొత్తం మొదటికెళ్లి చివరిదాక అయిదు సార్లు చెప్పిండు. పాట అయిదు సార్లు పాడిండు. సైదమ్మ నోరు తెరుసుకోని విన్నది.

"గొర్రెపిల్ల ఇల్లు చేరిందా మామా?" అని అడిగింది చివరికి.

"అమ్మో! అది చెప్తే ఓనరు నా రిక్షా గుంజుకుంటడు బిడ్డా. అది టాకీసుల చూడాల్సిందే" అని గిన్నె కడిగిచ్చి పోయిండు.

నాలుగు రోజులు అయిపోయినయి, సినిమా పెట్టె ఇంకో ఊరికి పోయింది. సైదమ్మ సినిమా చూడలె. కానీ పబ్లిసిటీ మొత్తం కడుపుల పడ్డది. మందెంబడి పోయిన కాడల్ల అదే పాడింది. ఆ ఎండకాలం పుట్టిన పిల్లలు అదే వినుకుంట పెరిగినయి, అవి ఈనిన పిల్లలు తల్లులెంబడి అదే నేర్చుకున్నయి. ఏండ్లు గడిచినయి, మంద మారింది, పిలుపు మారలె. పెద్దులు గులిగేటోడు. "గొర్లను గొర్ల లెక్క పిలువాలె గానీ టాకీసు లెక్క పిలుస్తరా ఎవరన్న!" అనేటోడు. గులిగిండు గానీ ఒక్కనాడు గూడ బిడ్డను ఆపలె. తను మాత్రం ఆ పిలుపు పిలువనే పిలువలె. ఇద్దరూ కలిసే మందెంబడి ఉండేటోళ్లు గాబట్టి ఆయనకు ఆ అవసరం గూడ రాలె.

సైదమ్మ పెద్దగయింది. పెద్దులు అల్లుణ్ని ఇల్లరికం తెచ్చుకున్నడు. అల్లుడు నాగేందర్ మంచోడే గానీ గొర్లెంబడి తిరుగుడు ఆయన తోని కాలె. హైదరాబాదుల జేసీబీ నడుపుతడు, నెలకోపారి వచ్చి పోతడు. బిడ్డ ప్రవళిక పుట్టింది, ఇంటర్‌కు వచ్చింది. మంద తండ్రీబిడ్డల మీదనే నడిచింది.

పోయినేడు ఒక పని ఖరాబయింది. ప్రవళికను కాలేజీల చేర్పించేటందుకు సైదమ్మ దేవరకొండ పోయింది. ఆ దినం మంద పెద్దులు ఒక్కడే తోలుకపోయిండు, డిండి కాలువ దిక్కు. పొద్దుమూకి ఇంటికొచ్చినంక లెక్క పెడితే మూడు తక్కువ. బొల్లిది లేదు, దాని బిడ్డ లేదు, ఎర్రది లేదు. బొల్లిది అంటే నొసటి మీద తెల్ల మచ్చ ఉన్న గొర్రె, మందకు అదే ముందు నడిచేది.

"ఏడబోయినయి నాయినా?"

పెద్దులు నేల దిక్కు చూసిండు.

"తోడేలు పడ్డదా? కుక్కలు పడ్డయా?"

సైదమ్మ కాలువ దాక పోయి ఎతికింది. నెత్తురు చుక్క లేదు, ఉన్ని పోగు లేదు. తిరిగొచ్చి ముసలాయన ముందట నిలబడ్డది.

"పండుకున్నవా?"

పెద్దులు కట్టెను ఆ చేతికెళ్లి ఈ చేతికి మార్చుకున్నడు. సైదమ్మకు కోపం నెత్తికెక్కింది. "పండుకున్నవ్! డెబ్బై ఏండ్లొచ్చినయి, చెప్తే ఇనవు. మంద కాడ కన్ను మూసినోనికి కట్టె ఎందుకు? ఇగ ఇంటికాడ కూసో!" అని చేతుల కట్టె గుంజుకున్నది. వాడకట్టు అంత విన్నది. గొర్లోళ్లల్ల మంద కాడ పండుకున్నడు అనే మాట కన్న పెద్ద తిట్టు లేదు. తాగి పడ్డడంటే మన్నిస్తరు, పండుకున్నడంటే మన్నించరు.

ఆ దినం నుంచి పెద్దులు గడప దాటలె. కల్లు దుకాణం దిక్కు గూడ పోలె. గోడకు ఒరిగి కూసోని ఉన్నితోని తాళ్లు పేనుడు, గంతే. బిడ్డతోని నేరుగ మాట బందయింది. "మీ అమ్మకు చెప్పు, గాబుల నీళ్లు లేవని" అని ప్రవళికతోని చెప్పిస్తడు. సైదమ్మ గూడ తక్కువది కాదు. "మీ తాతకు చెప్పు, నింపిన అని" అంటది. నడుమిట్ల ఆ పిల్ల పరేషాన్ అయ్యేది. ఇద్దరు ఒకటే అర్రల కూసోని ఉంటరు, మధ్యల మనిషి కావాలె.

అట్ల ఆరేడు నెలలు పోయినంక ప్రవళిక ఫోన్‌ల ఆ సినిమా దొరకబట్టింది. ఎవరో పాత పెట్టెల నుంచి తీసి ఎక్కించిండ్రంట. కింద ఎంతోమంది రాసిండ్రు, మా చిన్నప్పటి సినిమా, కండ్లల్ల నీళ్లొచ్చినయి అని. సైదమ్మ పొయ్యి మీద అన్నం దించి, చేతులు తుడుసుకోని, పీట గుంజుకోని కూసున్నది. ఇరవై అయిదేండ్ల సంది అడుగుదామనుకున్న మాటకు జవాబు దొరుకుతాంది మరి.

దొరికింది. గొర్రెపిల్ల ఇల్లు చేరింది. కానీ నడుమిట్లనే చేరింది. తర్వాత గంట సేపు సినిమా మొత్తం ఒక రాజుగారి కొడుకు గురించే. గొర్రెపిల్ల మళ్ల కనబడనే లేదు. గుట్టలు ఏడు కాదు, ఒక్కటే. ఆ పాట అయితే మరీ అన్యాలం. ఎవరో సన్న గొంతు ఆడమనిషి, ఎనుకాల వాయిద్యాలు, రైలు పోతున్నట్టు గబగబ పాడి పడేసింది.

"గిది ఆ పాట కాదు" అన్నది సైదమ్మ.

"అదే పాట అమ్మా, పదాలు అవే గద" అన్నది ప్రవళిక.

"పదాలుంటే పాటైతదానే?"

మంచం మీద పెద్దులు కండ్లు మూసుకోని విన్నడు. "మీ అమ్మకు చెప్పు, ఎల్లేశం మంచిగ పాడిండు" అన్నడు. సైదమ్మకు నవ్వొచ్చింది గానీ కనబడనియ్యలె.

ఇగ మొన్న జరిగిన సంగతి. దేవరకొండల కొత్త బట్టల దుకాణం పెట్టిండ్రు. దాని పబ్లిసిటీ ఆటో ఊర్లు తిరుగుతాంది. ఇప్పుడు మనిషి కూసోని చెప్పే పద్ధతి లేదు. చిన్న మెమరీ కార్డుల గొంతు నింపి పెడితే అదే మోగుతది. ఆ గొంతు ఎవరిది? ఎల్లేశందే. ముసలోడైండు, తిరగలేడు, ఇంట్ల కూసోని చెప్పిస్తడు. సైదమ్మ మంద రోడ్డు పక్క పంట లేక పడావున్న చెలకల మేస్తాంటే ఆటో వచ్చింది.

"రండి! తరలి రండి! పిల్లలూ పెద్దలూ కదలి రండి!"

ఆ గొర్లు పుట్టినకాడికెళ్లి ఎల్లేశం మొఖం చూడలె. కానీ ఆ పిలుపు వాటిది. డెబ్బై మూడు గొర్లు ఒక్కసారి నెత్తులు లేపినయి, ఉరికినయి. సైదమ్మ "ఓయ్! ఓయ్!" అని ఎనుక ఉరికింది. ఆటో డ్రైవరు అద్దంల చూసి భయపడి జోరు పెంచిండు, అవి గూడ పెంచినయి. కాలువ మలుపు కాడ వెంకటేశ్ మందల సగం రోడ్డు దాటుతాంది, సగం అప్పటికే అవుతల దిక్కు పోయింది. వెంకటేశ్ పక్కూరోడు, రెండు వందల గొర్లు ఆయనవి. ఈ గొర్లు పోయి ఆ గొర్లల్ల పడ్డయి. ఆటో పోయింది, పిలుపు పోయింది, రోడ్డు మీద ఎవరివి ఏవో తెలువకుండ మిగిలినయి.

ఉన్ని కత్తిరించి వారం గూడ కాలె. గుర్తుకని వీపు మీద పూసిన రంగు ఉన్నితోనే పోయింది. పెద్ద గొర్లకైతే ఎడమ చెవికి సైదమ్మోళ్ల గాటు ఉన్నది, వాటిని ఏరుకున్నది. ఈ ఏటి ఈతల పుట్టిన ఆడ గొర్రెపిల్లలు పదకొండిటికి ఇంకా గాట్లు పెట్టలె. పొద్దుమూకేదాక ఏరినా ఆ పదకొండు రాలె.

"అవి మావే వదినె" అన్నడు వెంకటేశ్. "నీ లెక్క తప్పి ఉంటది. నీవైతే గుర్తు చూపెట్టు, తోలుకపో."

గుర్తు ఏడికెళ్లి తేవాలె? సైదమ్మ ఇంటికొచ్చి అన్నం ముట్టలె. పెద్ద గొర్లు చానామటుకు ముసలియైనయి. వచ్చే ఏడు మంద అనేదుంటే ఆ పదకొండిటితోనే ఉండాలె. అవి పోతే మిగిలినయి అమ్ముకోని ఆమె గూడ హైదరాబాదు పోవుడే. ఇంకొక్క బాధ ఉన్నది, అది ఎవ్వరికి చెప్పుకునేది కాదు. మూడు పోగొట్టినందుకు నాయిన చేతుల కట్టె గుంజుకున్న మనిషి, నిలబడి కండ్లు తెరిసి పదకొండు పోగొట్టింది. పెద్దులు గోడకాడ తాడు పేనుకుంట అంత విన్నడు. ఒక్క మాట అనలె. అంటే బాగుండు అనిపించింది ఆమెకు.

గొర్లకాపరుల సంఘం పెద్దమనిషి లింగస్వామి. తెల్లారి రెండూర్లోళ్లను కల్లం కాడికి పిలిచిండు. "గుర్తు లేనప్పుడు గొర్రెనే చెప్పాలె" అన్నడు. పద్ధతి ఇట్ల పెట్టిండు: వెంకటేశ్ మంద మొత్తం కల్లంల నిలపాలె, ముందట ఎండిన పల్లితీగ పరువాలె. గొర్లు ఆకలి మీద మేస్తాంటే సైదమ్మ అవుతల నుంచి పిలువాలె. ఒకటెనుక ఒకటి పోవుడు గొర్రె గుణం, కానీ పల్లితీగ ఇడిసి ఊకెనే పోదు. మేత ఇడిసి వచ్చినయి ఆమెవి, రానియి వెంకటేశ్‌వి. వెంకటేశ్ ధీమాగ సరే అన్నడు.

నలభై మంది దాక చేరిండ్రు. సైదమ్మ కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. చెలకల ఒక్కతే పిలుచుడు వేరు, ఇంతమంది మగోళ్ల ముందట టాకీసు మాటలు అరుచుడు వేరు. ఆమె మొఖం చూసి ప్రవళిక చెవుల చెప్పింది. "అమ్మా, ఫోన్‌ల పాట ఉన్నది గద. స్పీకర్ పెట్టి మోగిస్త. నువ్వు అరిచే పనే లేదు."

సైదమ్మకు పానం లేచొచ్చినట్టయింది. సరే అన్నది. ప్రవళిక స్పీకర్ పెట్టి మోగించింది. సన్న గొంతు ఆడమనిషి వాయిద్యాలతోని గబగబ పాడింది. రెండు వందల గొర్లల్ల ఒక్కటంటే ఒక్కటి చెవి గూడ కదిలియ్యలె. పల్లితీగ నములుకుంటనే ఉన్నయి.

జనం పకపక నవ్విండ్రు. "సినిమా ఆడలె, పెట్టె వాపస్ పంపుండ్రి!" అన్నడొకడు.

"చూసినవా వదినె?" అన్నడు వెంకటేశ్.

లింగస్వామి చెయ్యి లేపిండు. "గొర్రెను పిలువాల్సింది నువ్వు, సైదమ్మా. ఫోను కాదు. ఒక్కపారి పిలువు. రాకుంటే ఇగ మాట లేదు."

సైదమ్మ కొంగు నడుముకు చెక్కింది. సిగ్గయితాంది, ఏడుపొస్తాంది. కల్లం గట్టు ఎక్కి, చేతులు నోటికి పెట్టి, కండ్లు మూసుకోని అరిచింది.

"రండి! తరలి రండి! పిల్లలూ పెద్దలూ కదలి రండి!"

నవ్వులు ఇంకింత పెరిగినయి. ఆమె ఆపలె. బొమ్మలు ఆడే సినిమా అన్నది, బొమ్మలు పాడే సినిమా అన్నది. ఏడు గుట్టలు దాటి ఇల్లు చేరిందా చేరలేదా అని అడిగింది. రోజూ మూడు ఆటలు అన్నది. పాటందుకున్నది. "ఇల్లు ఇటే ఉన్నదే, ఇటు రావే" అనేకాడికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయినయి. సైదమ్మ కండ్లు తెరిసింది. గొర్లు వస్తున్నయి. నోట్ల పల్లితీగ అట్లనే ఏలాడుతాంటే తొక్కుకుంట, దుంకుకుంట వస్తున్నయి. ఆమె పాట చివరిదాక సాగదీసింది.

లింగస్వామి లెక్క పెట్టిండు. పదకొండు అయినయి. ఇంకా వస్తున్నయి. పన్నెండు, పదమూడు, పద్నాలుగు.

చివరికి వచ్చిన మూడు పెద్దయి. ముందు నడిచిన దాని నొసటి మీద తెల్ల మచ్చ ఉన్నది. అది సీదా వచ్చి సైదమ్మ మోకాలుకు మూతి రాసింది. బొల్లిది. పోయినేడు పోయిన బొల్లిది! ఎనుక దాని బిడ్డ, దాని ఎనుక ఎర్రది. లింగస్వామి వంగి ఎడమ చెవులు పట్టి చూసిండు. సైదమ్మోళ్ల గాటు లేదు. ఆ జాగల పెద్ద గాటు ఉన్నది, పాత గాటు కనబడకుండ దాని మీదికెళ్లి కోసిండ్రు.

"ఇదేందిరా వెంకటేశా?"

వెంకటేశ్ మొఖం మాడింది. "నేను దొంగతనం చెయ్యలె పెదనాయినా. పోయినేడు కాలువకాడ అవే వచ్చి మా దాంట్ల కలిసినయి. పెద్దులు మామ చూసుకుంటనే ఉన్నడు. గట్టు మీద నిలబడి ట్ర్రూ ట్ర్రూ అని గొంతు పోయేదాక పిలిచిండు. ఒక్కటి గూడ తిరిగి చూడలె. పిలిస్తే రాని గొర్రె ఆయనదెట్లయితది అనుకున్న" అన్నడు.

తర్వాత చానా మాటలు నడిచినయి. తప్పుకు దండుగ ఎంత, మాఫీ ఎట్ల అని పెద్దమనుషులు మాట్లాడుతనే ఉన్నరు. సైదమ్మ చెవులకు ఏది ఎక్కలె. గట్టు మీద నిలబడి, గొంతు పోయేదాక. ఆ మాట ఒక్కటే తిరుగుతాంది. పద్నాలుగు గొర్లను తోలుకోని ఇంటికి నడిచింది.

పొద్దు ఇంకా ఉన్నది. పెద్దులు గోడకాడ తాడు పేనుతున్నడు. గొర్ల చప్పుడుకు నెత్తి లేపిండు. బొల్లిదాన్ని చూసిండు. తాడు చేతులకెళ్లి జారింది. అది దగ్గరికొస్తే చెవి పట్టుకోని బొటనవేలుతోని రాసి చూసిండు.

"గాటు మీద గాటు పెట్టిండ్రు" అన్నడు.

"నాయినా" అన్నది సైదమ్మ. ఏడాదికి నేరుగ పిలిచింది. "నువ్వు పండుకోలె."

పెద్దులు బొల్లిదాని చెవి ఇడిసిండు.

"ఎందుకు చెప్పలె నాయినా? అంత మాటన్న గద నేను, వాడకట్టు ముందట!"

"ఏమని చెప్పాలె బిడ్డా? అరవై ఏండ్ల సంది గొర్లు కాసినోన్ని. నా గొర్లు నా పిలుపుకు మొఖం గూడ తిప్పలె అని చెప్పాల్నా? పోయి అడుగుదామన్నా అదే చెప్పుకోవాలె గద. అంతకన్న పండుకున్నడంటెనే నయమనిపించింది."

"నా పిలుపు పిలిస్తే వస్తుండె గద!"

"నోటి దాక వచ్చింది" అన్నడు పెద్దులు. "అవుతలి గట్టు మీద వెంకటేశ్ ఉండె. ఇంకో ఇద్దరు ఉండిరి. సిగ్గయింది బిడ్డా. నోరు రాలె."

సైదమ్మకు ఏడుపు ఆగలె. ముసలాయన కాళ్లకాడ కూలబడి ఏడ్చింది. తప్పయింది నాయినా, తప్పయింది అని ఏడ్చింది. పెద్దులు ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టిండు. చేతుల ఉన్ని పోగులు ఆమె వెంట్రుకలకు అంటినయి. ప్రవళిక గడపకాడ నిలబడి ఏం చెయ్యాల్నో తెలువక ఫోన్ దిక్కు చూసింది.

"ఇయ్యాల జనం ముందట పిలిచినవా?" అని అడిగిండు పెద్దులు జర సేపయినంక.

"పిలిచిన."

"నవ్విండ్రా?"

"మస్తు నవ్విండ్రు. గొర్లు వస్తాంటే ఆపిండ్రు."

పెద్దులు గొర్ల దిక్కు చూసిండు. బొల్లిది దొడ్డి అవుతలి మూలకు పోయి తొట్టి నాకుతాంది.

"కట్టె ఏది?" అన్నడు.

సైదమ్మ లేచి, తలుపు ఎనుక ఉన్న కట్టె తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"అది జర చెప్పు. మొదటికెళ్లి చెప్పు. నాకు సగమే యాదికున్నది."

సైదమ్మ ముక్కు తుడుసుకోని చెప్పింది. ఒక్కొక్క ముక్క చెప్పింది, పెద్దులు ఒక్కొక్క ముక్క అన్నడు. గొంతు బయటికి రాలె. గోడకు చెప్పుకుంటున్నట్టు అన్నడు.

"ఇంత మెల్లగ అంటే టాకీసు నడువది నాయినా" అన్నది సైదమ్మ.

వాడకట్టు మీద అప్పటికే నలుగురు నిలబడి చూస్తున్నరు. పెద్దులు వాళ్ల దిక్కు చూసిండు. కట్టె చంకల పెట్టుకున్నడు. చేతులు నోటికి పెట్టి, "రండి! తరలి రండి!" అని అరిచిండు. గొంతు పగిలింది, మళ్ల అందుకున్నడు. మూలకున్న బొల్లిది నెత్తి లేపింది. నాకుడు బంద్ చేసి ఒక్కొక్క అడుగు ఆయన దిక్కు రాబట్టింది. పెద్దులుకు పదాలు తప్పుతున్నయి, రాగం తప్పుతాంది, కండ్లకెళ్లి నీళ్లు గదుమ దాక వచ్చినయి. అయినా పాట ఆపలె. ఆపితే అది సగంలనే ఆగుతదని ఆయనకు తెలుసు.